చూడకుండా వేసిన ఏడు సున్నాలు

గుంటూరు నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు పొడుగునా బోర్డులే. పత్తి విత్తనాల బోర్డు, గులాబీ పురుగు మందు బోర్డు, మిరప తోటలో తామర పురుగు మందు బోర్డు, కలుపు మందు బోర్డు. ఈమధ్య వాటి నడుమ కొత్త రకం ఒకటి మొలిచింది. "అవాంఛిత రోమాలకు శాశ్వత పరిష్కారం" అని, పాలరాతి బొమ్మలాంటి ఒక అమ్మాయి ఫొటోతో. పక్కనున్న కలుపు మందు బోర్డు మీద కూడా శాశ్వత పరిష్కారమే. మా రైతులకు కలుపు సంగతి బాగా తెలుసు కాబట్టి ఆ మాట నమ్మరు. రోమాల బోర్డును మాత్రం నమ్ముతారు.

ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. నవ్వు వాళ్ళను చూసి. సిగ్గు నా సంగతి గుర్తొచ్చి.

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలు కనిపిస్తే "మేడం, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. గొప్ప కేసులన్నీ డాక్టర్లు సన్మాన సభల్లో చెప్పుకుంటారు, వాటిని వాళ్ళకే వదిలేద్దాం. నేను చెడగొట్టిన కేసు ఒకటుంది. అది చెబుతాను. పేర్లు చెప్పను. ఊరు సత్తెనపల్లికీ గుంటూరుకీ మధ్య ఎక్కడో అనుకోండి.

నేను ఆఖరున పనిచేసింది చర్మవ్యాధుల ఓపీలో. అక్కడి డాక్టరు గారు చాలా మంచి మనిషి. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి వీలు పడకపోవచ్చు. పూజారుల కుటుంబం నుంచి వచ్చినాయన. తండ్రిగారు గుళ్ళో మూలవిరాట్టుకు రోజూ అభిషేకం చేసి, ఆపాదమస్తకం తుడిచి, అలంకారం చేసేవారట. కొడుకు గారు మాత్రం మనిషి మణికట్టు దాటి లోపలికి వెళ్ళేవారు కాదు. మగవాళ్ళనైతే చొక్కా ఎత్తమని దూరం నుంచే చూసేవారు. ఆడవాళ్ళు వస్తే కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకొని, మెడ పైభాగాన్ని మాత్రం గౌరవంగా చూసేవారు. దురద వీపు మీద ఉన్నా ఆయన ముఖమే చూసి మందు రాసేవారు. ఆడవాళ్ళంటే ఎంత మర్యాదో అని ఊరంతా మెచ్చుకునేది. నేనూ మెచ్చుకునేదాన్ని. మర్యాద పేరుతో పని తప్పించుకోవచ్చని నాకు అప్పటికింకా తెలియదు.

ఆయన్ని మాత్రమే అని లాభం లేదు. ఆ గదిలో చాటు అనేది లేదు. అడ్డంగా పెట్టే తెర ఒకటుండేది. దాన్ని ఎవరో కంటి శిబిరానికి పట్టుకెళ్ళారు, అది మళ్ళీ తిరిగి రాలేదు. కిటికీకి రెక్క లేదు. ఆ కిటికీ పక్కనే ఓపీ లైను. లోపల ఎవరికి ఏ రోగమో లైన్లో ఉన్నవాళ్ళకి మాకంటే ముందే తెలిసిపోయేది.

ఇలా ఉండగా డాక్టరు గారు విజయవాడలో రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. వస్తూ వస్తూ ఒక కాగితాల కట్ట తెచ్చారు. ఆడవాళ్ళకు వెంట్రుకలు ఎక్కువగా పెరుగుతుంటే ఎంత పెరిగాయో కొలిచే పట్టిక అది. ఒంటిని తొమ్మిది చోట్లుగా విడగొట్టారు. పై పెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట పైభాగం, పొట్ట కిందిభాగం, వీపు, నడుము, భుజాలు, తొడలు. ఒక్కో చోటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. అన్నీ కూడితే వ్యాధి ఎంతో తేలుతుంది.

"సిస్టర్ గారూ, ఇకనుంచి మనం శాస్త్రీయంగా చూద్దాం" అన్నారు.

"అలాగే సార్. ఎవరు చూస్తారు?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "ముఖం నేను చూస్తాను. మిగతా ఏడు గళ్ళూ మీరు చూసి చెప్పండి."

శాస్త్రాన్ని ఆ విధంగా పంచుకున్నాం.

మొదట్లో నేను బుద్ధిగానే చూశాను. ఒక్కొక్కరినీ కట్లు కట్టే గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, చూసి, మార్కులు వేసేదాన్ని. అయితే ఆ గదికి నేనొక్కదాన్నే, ఇంజెక్షన్ల లైనుకీ నేనొక్కదాన్నే. నేను లోపల ఉంటే బయట అరుపులు. నెల తిరిగేసరికి చూసి రాయడం పోయి, అడిగి రాయడం వచ్చింది. ఇంకో నెలకి అడగడం కూడా ఎలా అడిగేదాన్నంటే, అవతలి మనిషి లేదనడం తప్ప ఇంకేమీ చెప్పలేనట్టు అడిగేదాన్ని. "ఒంటి మీదేం లేవుగా?" అని. చేతిలో సిరంజి, పక్కన పదిమంది మగవాళ్ళు. ఏ ఆడమనిషి ఉన్నాయంటుంది?

ఆ రోజుల్లో వచ్చిందామె. మార్చి నెల. మిరపకాయలు కల్లాల నుంచి కోల్డ్ స్టోరేజీలకు చేరే కాలం. ఆమె అలాంటి ఒక స్టోరేజీ దగ్గర కాయలు ఏరే కూలీ. తాలు కాయలు వేరు, మంచి కాయలు వేరు చేసే పని. పని మీద నుంచి నేరుగా వచ్చింది. ముఖానికి కళ్ళు మాత్రమే కనబడేట్టు తువ్వాలు చుట్టుకొని ఉంది. ఆ తువ్వాలు విప్పేసరికి గదిలో ఉన్న అందరికీ తుమ్ములు. డాక్టరు గారు ఆరు సార్లు తుమ్మారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. పొడగరి. బొంగురు గొంతు.

"గెడ్డం వస్తోందండి" అంది.

డాక్టరు గారు కళ్ళజోడు సవరించుకొని ముందుకు వంగారు. గడ్డం నున్నగా ఉంది. "ఏదీ? ఏం లేదే!"

"పొద్దున గీశామండి."

"గీసేసుకొని వస్తే నేనేం చూడనమ్మా?"

"గీయకుండా బస్సెక్కమంటారా అండీ?"

గది గొల్లుమంది. కిటికీ అవతల లైను కూడా గొల్లుమంది. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆమె ఒక్కతే నవ్వలేదు. మీకొక మాట చెబుతాను, రాసి పెట్టుకోండి. వెంట్రుకలు చూపించడానికి వచ్చే ఆడమనిషి వాటిని తీసేసుకునే వస్తుంది. తీసుకోకుండా వీధిలోకి రాలేదు కాబట్టే ఆసుపత్రికి వస్తుంది. కనబడటం లేదు కాబట్టి లేదని రాసేవాడు డాక్టరు కాదు, గుమస్తా. ఆ రోజు మా గదిలో ఇద్దరు గుమస్తాలున్నాం.

"గొంతు ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగారాయన.

"ఈ సీజను మొదలైన కాణ్ణుంచండి. కాయల ఘాటు కదా."

"అదే. కారం ఘాటు" అని దగ్గు మందు రాశారు. నెలసరి గురించి నన్ను అడగమన్నారు. నేను అడిగితే మూడు నెలలుగా రావడం లేదంది. ఆగిపోయే వయసు దగ్గర పడుతోందిలే అనుకున్నాం. గొంతుకు ఒక కారణం దొరికింది. నెలసరికి ఒక కారణం దొరికింది. గడ్డానికి హార్మోన్ల తేడా అనే పెద్ద సంచీ ఎలాగూ ఉంది, అందులో ఏదైనా పడుతుంది. మూడింటినీ కలిపి ఒకే ప్రశ్న వేయాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

పట్టిక నా దగ్గరికి వచ్చింది. నేను ఒకతనికి ఇంజెక్షన్ చేస్తున్నాను. తల తిప్పకుండానే అడిగాను. "ఒంటి మీదేం లేవుగా?"

ఆమె ఒక క్షణం ఆగింది. "లేవండి" అంది.

ఏడు గళ్ళలో ఏడు సున్నాలు వేశాను. గుండ్రంగా, అందంగా వేశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

జూన్లో మళ్ళీ వచ్చింది. ఈసారి భర్త కూడా వచ్చాడు. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు కట్టే మనిషి, సన్నగా, మాటకు ముందు గొంతు సవరించుకుంటూ. ఆమె లోపలికి వెళ్ళాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"అమ్మా, మందులతో ఏం తగ్గలేదండి. ఇదివరకు వారానికోసారి గీసేవాణ్ణి. ఇప్పుడు రోజూ గీయాల్సొస్తోంది."

"నువ్వు గీస్తావా?"

"నేనేనండి. పిల్లలు లేవకముందే పెరట్లో కూచోబెట్టి గీస్తా. తనకి అద్దంలో చూసుకుంటే చెయ్యి వణుకుద్దండి."

వాడు వెళ్ళిపోయాక ఈ సంగతి మా ఆయాకి చెప్పాను. మా ఆయా పల్నాటి మనిషి, నోరు పెద్దది. "అదృష్టవంతురాలమ్మో!" అంది. "ముప్పయ్యేళ్ళ కాపరంలో మా ఆయన నా మొహం వంక సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఈయనెవడో రోజూ గెడ్డం పట్టుకొని బుజ్జగిస్తన్నాడు." ఇద్దరం పొట్ట పట్టుకొని నవ్వుకున్నాం. ఆ మనిషి మాకొక పెద్ద కబురు చెప్పి వెళ్ళాడు. వారానికొకసారి పెరిగేది రోజూ పెరుగుతోందంటే లోపల ఏదో ముంచుకొస్తోందని. అది మా చెవుల దాకా వచ్చింది, అక్కడ హాస్యంగా మారిపోయింది.

ఆ రోజు పట్టికలో నేను కొత్తగా సున్నాలు కూడా వేయలేదు. "మార్పు లేదు" అని రాశాను. పని ఇంకా తేలిక.

సెప్టెంబరు. వైరల్ జ్వరాల రోజులు. ఇంజెక్షన్ల లైను వరండా దాటి మెట్ల మీదికి వచ్చేసింది. నేను లైనుకి వీపు పెట్టి సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాను. వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "సిస్టర్ గారూ, కొంచెం చూస్తారా అండీ?"

"మగవాళ్ళు అటు లైన్లో నిలబడాలయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి? కళ్ళు లేవా?" అని కసిరాను.

లైనంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక వెనక్కి తిరిగాను. ఆమె నిలబడి ఉంది. చీర, చేతిలో చీటీ, ముఖానికి తువ్వాలు. నన్ను ఒక్కసారి చూసి, చీటీ నాలుగు మడతలు పెట్టి, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది.

సిరంజి ట్రేలో పడేసి పరిగెత్తాను. నా వయసులో, నా బరువుతో పరిగెత్తడం చూసి వాచ్‌మన్ ఎవరో పోయారనుకొని లేచి నిలబడ్డాడు. గేటు బయట షేరింగ్ ఆటోలో ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, తప్పైపోయింది. లోపలికి రా."

"మీ తప్పేముందండి" అంది ఆమె. "ఫోన్ చేస్తే మా అమ్మే నన్ను పోల్చుకోట్లేదు. అల్లుడుగారూ, అమ్మాయికి ఇవ్వండి అంటోంది. నేను మా ఆయన్లాగే మాట్లాడి, ఇస్తానుండండి అని చెప్పి, ఫోన్ పక్కన పెట్టి ఏడుస్తన్నా."

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు.  నేను ఆ చెయ్యి వదల్లేదు. చెయ్యి పట్టుకున్నాను కాబట్టి ఇంకోటి తెలిసింది. అది కాయలు ఏరే ఆడమనిషి చెయ్యి కాదు. బేళ్ళు ఎత్తే మనిషి కండ ఉంది అందులో.

కట్లు కట్టే గదిలోకి తీసుకెళ్ళాను. తలుపుకి గడియ సరిగ్గా పడదు. ఆయాని పిలిచి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, ఆయా చేతికే ఒక దుప్పటి ఇచ్చి తెరలాగా పట్టుకోమన్నాను. బయట లైను నుంచి కేకలు మొదలయ్యాయి. "ఏంది సిస్టరూ, ఎంతసేపు!" అని ఎవరో అరిచారు.

"సూది అంత ముద్దుగా ఉందా నీకు? నోర్మూసుకొని కూచోవయ్యా!" అని మా ఆయా దుప్పటి వెనక నుంచి గర్జించింది. లైను సద్దుమణిగింది.

నేను ఆమెకు ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఏమేం చూస్తానో, ఎందుకు చూస్తానో ముందు చెప్పాను. వద్దంటే ఆపేస్తానన్నాను. మూడేళ్ళ నర్సింగు శిక్షణలో నాకు నేర్పిన మాటలే అవి. ముప్పయ్యేళ్ళుగా వాటిని అప్పచెప్పే తీరిక దొరకలేదు, అంతే. ఆమె తలూపి, తువ్వాలు విప్పింది.

ఛాతీ మీద, పొట్ట మీద, వీపు మీద, తొడల మీద. నేను సున్నాలు వేసిన ఏడు చోట్లలో ఒక్కటి కూడా ఖాళీగా లేదు. జడ ముడి విప్పితే నుదుటి రెండు పక్కలా జుట్టు మగవాళ్ళకు పోయినట్టు పోయింది. వెంట్రుకలు ఒక్కటే అయితే అది వేరే సంగతి, మన ఆడవాళ్ళలో చాలామందికి వంశపారంపర్యంగా ఉంటాయి, ప్రమాదం లేదు. కానీ ఈ ఒళ్ళంతా ఒక దిక్కుగా మారుతోంది. శరీరంలో ఇంకొక మార్పు కూడా చూశాను. దాన్ని ఎవరికీ నోటితో చెప్పలేదు, డాక్టరు గారికి కాగితం మీద రాసిచ్చాను.

"ఎప్పుడు మొదలైందమ్మా ఇదంతా? నిజం చెప్పు."

"పోయిన దీపావళికండి. ముందు గుండెల మీదే వచ్చాయి. గెడ్డం తర్వాతే."

అంటే మార్చిలో ఆమె "లేవండి" అన్నప్పుడు అవన్నీ ఆ చీర కిందే ఉన్నాయి.

పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి పెట్టాను. చర్మవ్యాధుల ఓపీకి రాకముందు పదకొండేళ్ళు ప్రసూతి వార్డులో చేసిన చెయ్యి నాది. కింద, ఎడమ పక్కన, బత్తాయి పండంత గడ్డ తగిలింది. గట్టిగా ఉంది. పట్టిక తొమ్మిది గళ్ళతో అయిపోయింది, చెయ్యి పెట్టి చూడమని దాన్లో ఎక్కడా లేదు.

నిండిన పట్టిక తీసుకొని డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశారు.

"అదేంటి సిస్టర్ గారూ, పోయినసారి అన్నీ సున్నాలేగా?"

"అవి నేను చూడకుండా వేసినవి సార్."

 ఆ రోజు నేను చూసిన విచిత్రం ఏమిటంటే, ఆయన లేచారు. కుర్చీ వెనక్కి జరపడానికి కాదు, గదిలోకి రావడానికి. చేతులు కడుక్కొని, ఆమె పక్కన నిలబడి, "అమ్మా, పొట్ట చూడొచ్చా?" అని అడిగారు. ఆమె సరేనంది. ఆయన వేళ్ళు గడ్డ మీద ఆగాయి. ఎంత చదువుకున్నారో ఆయన! చెయ్యి పెట్టగానే ఆ చదువంతా పరుగెత్తుకుంటూ వచ్చింది. అండాశయంలో గానీ, మూత్రపిండాల పైన ఉండే గ్రంథిలో గానీ కంతి పుడితే అది మగ హార్మోన్లను కుమ్మరిస్తుందనీ, గొంతూ గడ్డమూ కండా నెలసరీ అన్నీ ఒకే తల్లి పిల్లలనీ అక్కడికక్కడే నాకు పాఠం చెప్పారు. ఆరు నెలల కిందట చెప్పాల్సిన పాఠం.

రక్తపరీక్ష గుంటూరు పంపించాం. మగ హార్మోను ఆడవాళ్ళకు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. స్కానింగులో ఎడమ అండాశయంలో కంతి కనబడింది. డాక్టరు గారే ఫోన్లు చేసి గుంటూరులో పెద్ద డాక్టరమ్మ దగ్గర చేర్పించారు.

ఇంతటితో అయిపోతే నేను ఈ కథను కాస్త గర్వంగానే చెప్పుకునేదాన్ని. నాలుగో రోజు ఆ డాక్టరమ్మ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరు గారు స్పీకరు పెట్టారు.

"మీరు పంపిన కాగితాలు చూస్తున్నాను. జూన్లో ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. సెప్టెంబరుకి ఒళ్ళంతా ఉంది. మూడు నెలల్లో ఇంత మారిందంటే చాలా చెడ్డ కంతి అనుకోవాలి. అప్పుడు నేను ఒక్క అండాశయంతో ఆగను, గర్భసంచితో సహా మొత్తం తీసేయాల్సి రావచ్చు. నిదానంగా పెరిగిందైతే లెక్క వేరు. ఆమెను అడిగితే దీపావళి నుంచి ఉన్నాయంటోంది. మీ కాగితం లేవంటోంది. ఏది నమ్మమంటారు?"

డాక్టరు గారు ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగారు. "సిస్టర్ గారూ, అప్పుడు చాలా పలచగా ఉన్నాయి, గుర్తుపట్టలేకపోయాం అందాం. మీకింకా ఏడాదిన్నరే సర్వీసుంది. ఎందుకొచ్చిన గొడవ?"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆ మాట నాకు చాలా తియ్యగా వినిపించింది. అబద్ధం కూడా కాదు, సగం అబద్ధమే. పలచగా ఉన్నాయి అంటే చూశాను అని అర్థం. పెన్షన్ కాగితాలు, నా పేరు, నా గుండ్రటి చేతిరాత అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ వెనకే ఆపరేషన్ బల్ల మీద ఆమె పొట్ట కూడా తిరిగింది. నా సున్నాలను చూసుకుంటూ దాన్ని కోస్తారు.

ఆయన చెయ్యి పక్కకు జరిపి ఫోన్లో చెప్పాను. "మేడం, నేను సిస్టర్ని. ఆ సున్నాలు వేసింది నేనే. నేను చూడలేదు. మార్చిలోనూ చూడలేదు, జూన్లోనూ చూడలేదు. ఆమె చెప్పిందే నిజం."

 అవతల ఆవిడ నెమ్మదిగా అంది, "సరే. ఆ కాగితాన్ని చించొద్దు. అడ్డంగా ఒక గీత గీసి, 'పరీక్షించలేదు' అని రాసి, సంతకం పెట్టి నాకు ఫొటో పంపించండి. ఇప్పుడే."

గీత గీశాను. రాశాను. సంతకం పెట్టాను. ఈసారి చేతిరాత వంకరగా వచ్చింది. కాగితం ఫొటో తీయబోతుంటే డాక్టరు గారు "ఆగండి" అని పెన్ను తీసుకున్నారు. నా సంతకం కింద "నేను కూడా పరీక్షించలేదు" అని రాసి ఆయన సంతకం పెట్టారు. అందుకే ఆయన్ని మంచి మనిషి అన్నాను. ఆ మాట తర్వాత చెప్పే వీలు దొరికింది, సంతోషం.

ఆ ఫొటో పైవాళ్ళ దాకా పాకింది. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలిసి ఆఫీసువాళ్ళు రాత్రికి రాత్రి కాదు, గంటలో కొత్త తెర తెచ్చి గదిలో నిలబెట్టారు. కిటికీకి రెక్కలు కూడా వచ్చాయి. ఆయన ఆ తెరను తట్టి చూసి, "ఇన్ని సౌకర్యాలున్నా పరీక్ష చేయలేదా?" అని నన్ను అడిగాడు. ఆ తెర మీద షాపు వాడి చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని చూపిద్దామనుకున్నాను. మళ్ళీ, తెర లేకపోయినా దుప్పటి ఉంది కదా, మార్చిలో దుప్పటి ఎందుకు తోచలేదని నన్ను నేనే ప్రశ్నించుకొని ఊరుకున్నాను. నా సర్వీసు పుస్తకంలో ఆ మెమో ఇప్పటికీ ఉంది. రిటైరైన రోజు సన్మానంలో దాని గురించి ఎవరూ చదవలేదు. శాలువా కప్పి, సేవామూర్తి అన్నారు.

ఆపరేషన్లో ఎడమ అండాశయమూ, దాంతో పాటు కంతీ తీశారు. మిగతాదాని జోలికి పోలేదు. కంతి ఎక్కడికీ పాకలేదని పరీక్షలో తేలింది. రెండు నెలల్లో ఆమెకు నెలసరి వచ్చింది. కండ కరిగింది. వెంట్రుకలు పలచబడ్డాయి గానీ పూర్తిగా పోలేదు, ఒకసారి మొలిచినవి అంత తేలిగ్గా పోవు. గొంతు మాత్రం వెనక్కి రాలేదు. అలాంటి గొంతు ఒకసారి మారితే అంతే. ముందే పట్టుకొని ఉంటే ఎంత మిగిలేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఆ చెప్పలేకపోవడమే నాకు పడిన అసలు మెమో.

మరుసటి మార్చిలో పరీక్షకు వచ్చింది. ముఖానికి తువ్వాలు లేదు. తనే చెప్పింది, ఏరుడు కూలీల ముఠాకి ఇప్పుడు తనే మేస్త్రి అని.

"మిరపకాయల టిక్కీలు, అదేనండి బస్తాలు, సరిగ్గా దించకపోతే ఒక్క కేకేస్తానండి. లారీ డ్రైవర్లు హడలిపోతన్నారు" అని నవ్వింది.

"మీ అమ్మ ఫోన్లో పోల్చుకుంటోందా?"

"పోల్చుకోట్లేదండి. వీడియో కాల్ నేర్పించా."

పరీక్ష చేశాను. తలుపు వేసి, తెర లాగి, తొమ్మిది చోట్లూ చూసి, పొట్ట మీద చెయ్యి పెట్టి కూడా చూశాను. ఆమె చీర సర్దుకుంటున్నప్పుడు, ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న మాట అనేశాను.

"పోయిన మార్చిలో నేను నీ ఒళ్ళు చూడకుండానే లేవని రాశానమ్మా. నీకా సంగతి తెలియదేమో. నన్ను క్షమించు."

"తెలుసండి" అంది, జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ. "మీరు నా వంక చూడనే లేదుగా, తెలవకుండా ఎట్టా ఉంటుంది?"

"మరి నువ్వెందుకు లేవన్నావు?"

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

"అంతమంది మగాళ్ళ ముందు ఉన్నాయని ఎట్టా చెప్తానండి? లేవండి అన్నాక కూడా అక్కడే నిలబడ్డా కదా కాసేపు. ఇంకొక్కసారి అడుగుతారేమోనని."

చీటీ తీసుకొని, బస్సు టైమైందని వెళ్ళిపోయింది.